పండితుల పద్ధతి

తాబేలు విశాలాక్షికి ఎనభై ఏళ్లు. రోజూ పొద్దున్నే గట్టు మీద ఒక చుట్టు తిరిగొచ్చాకే ఏదైనా తింటుంది. అందుకే గట్టవతలి చెరువు తమదాని కన్నా పల్లంలో ఉందని ఆమెకు బాగా తెలుసు.

ఆ ఏడు కప్పలరాజు గట్టు తెగ్గొడతానన్నాడు. అవతలి కప్పలకు పొగరెక్కువైంది, వాళ్ల నీళ్లన్నీ మనకొచ్చేస్తాయన్నాడు. పండితుల మాట కూడా విన్నట్టు ఉంటుందని ఒక సదస్సు పెట్టించాడు.

సదస్సులో మాట్లాడటానికి విశాలాక్షి కూడా వచ్చింది. అధ్యక్షుడు పీత ఆమెను పక్కకు పిలిచాడు. "మేడమ్, మీకు ఆవేశం ఎక్కువని పేరుంది. కాస్త పండితుల పద్ధతిలో మాట్లాడండి."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. తనకు ఆవేశం లేదని నిరూపించుకోవాలనుకుంది. గట్టు తెగితే పోయేది మన నీళ్లేనని నెమ్మదిగా వివరించి, చివర్లో అంది: "ఇది నా పరిమిత అవగాహన మాత్రమే. మరింత పరిశోధన జరగాలి."

"చూశారా, ఆవిడకే నమ్మకం లేదు," అన్నాడు రాజు. కప్పలన్నీ నవ్వాయి.

"నాకు నమ్మకం ఉంది..." అని ఆమె మొదలుపెట్టేలోపే పీత గంట కొట్టాడు. "సమయం అయిపోయింది మేడమ్."

మర్నాడు గట్టు తెగింది. నీళ్లన్నీ అవతలికి పోయాయి. ఇంకా కాళ్లు రాని కప్పపిల్లలు బురదలో ఎండిపోయాయి. నీళ్లు పోతాయి అని ఒక్క ముక్క చెప్పి దిగిపోయి ఉండాల్సిందని విశాలాక్షి వాటి మధ్య నిలబడి చాలాసేపు అనుకుంది.

వానలు పడి మడుగు కట్టగానే, ముందే హెచ్చరించిన పండితురాలంటూ రాజు ఆమెకు సన్మానం పెట్టాడు. వెళ్లి శాలువా కప్పించుకుంది.