గోలెం పక్కన గిన్నె

ఒకే గిన్నె మీద రెండు తలలు వంగి ఉన్నాయి.

ఒకటి మొగుడు సదాశివది. రెండోది ఎవరిదో బాలమణికి తెలియదు. పొడుగాటి జడ ఒక్కటే కనపడింది.

"ఎవలీమె?"

"గిరిజ. బీదర్ పిల్ల. గుల్బర్గల ఎమ్మెస్సీ చదువుతున్నది. నా పురుగులు చూస్తనని వచ్చింది," అన్నాడు సదాశివ, తల ఎత్తకుండానే.

"నమస్తే అక్కా," అంది గిరిజ.

ఆ 'అక్కా' కూడా నచ్చలేదు బాలమణికి.

పందొమ్మిది వందల ఎనభై నాలుగు ఎండాకాలం. జహీరాబాద్ కాలేజీకి సెలవులిచ్చారు. అక్కడ జంతుశాస్త్రం చెప్పే సదాశివ, ఝరాసంగం వాగులో రాళ్ల కింద పట్టిన చదును పురుగులు ల్యాబులో వేడికి చస్తాయని ఇంటికి తెచ్చుకున్నాడు. నీళ్ల గోలెం పక్కన చల్లటి చోట, తెల్ల పింగాణి గిన్నెలో పెట్టాడు. గోరులో సగం కూడా ఉండదు ఒక్కొక్కటి. బ్లేడుతో కోస్తే తల ముక్కకు తోక, తోక ముక్కకు తల మొలుస్తాయి.

గిరిజ మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

"ఆమె చాయ్‌ల చక్కెర జర తక్కువెయ్యి," అన్నాడు సదాశివ.

బాలమణి చక్కెర డబ్బా ఠక్కున మూసింది. తను చక్కెర ఎంత వేసుకుంటుందో ఇన్నేళ్లలో ఈ మనిషి ఒక్కనాడూ అడిగింది లేదు.

గోడవతలి పక్కింటి అనంతమ్మ ఊరుకుంటుందా?

"మీ సారు ఇంట్లనే బడి పెట్టిండా ఏంది బాలమణీ? స్టూడెంటు ఒక్కతేనా?"

"నీ పప్పు మాడుతున్నది, చూస్కపో," అంది బాలమణి. మాడుతున్నది ఎవరి కడుపో ఇద్దరికీ తెలుసు.

బాలమణి తమ్ముడు మాణిక్ కూడా ఆ ఇంట్లోనే ఉంటాడు. రెండేళ్ల కింద రాయికోడ్ దగ్గర చెరుకు గానుగలో పడి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. వచ్చిన సంబంధాలన్నీ ఆ చెయ్యి చూసి వెనక్కి పోయాయి. పోయినప్పుడల్లా బాలమణి అన్నం మానేసి ఏడ్చేది. ఇంటికి ఎవరొచ్చినా మాణిక్ చేతి మీద తువ్వాల కప్పుకొని కొట్టంలోకి పోయేవాడు.

ఆ రోజు అతను కూడా గిన్నె దగ్గరే కూర్చున్నాడు. తువ్వాల లేదు.

"తోక ముక్కకు తల మొలవాలని ఎవలు చెప్తరు?" అని అడిగాడు.

"ఒంట్ల కణాలు ఒకదానికొకటి కబురు చెప్పుకుంటయి. తల ఉన్నంత సేపు 'నేనున్న, నేనున్న' అని ఒళ్లంతా కబురు పంపుతనే ఉంటదని పెద్దపెద్దోళ్ల ఊహ. కోస్తే ఆ కబురు ఆగిపోతది. అప్పుడు ఆ తావుల కొత్త తల లేస్తది," అన్నాడు సదాశివ.

"మరి నా చేతికి కబురు అందలేదా?"

సదాశివ చూపు తిప్పుకున్నాడు. గిరిజ తిప్పుకోలేదు. ఆ మొండి చేతినే చూస్తూ చెప్పింది.

"మనిషి ఒంట్ల ఆ కబురు యాడ తప్పిపోతదో ఎవలకూ తెల్వదు. తెలుసుకుందామనే చదువుతున్న."

"జల్ది చదువుండ్రి మరి. చెరుకు నరుకుడున్నది నాకు."

ముగ్గురూ పకపకా నవ్వారు. మాణిక్ నవ్వి రెండేళ్లయింది.

వంటింట్లో బాలమణికి ఆ నవ్వు అగ్గి మీద నూనె పడ్డట్టయింది. మొగుడు చాలడా? తమ్ముడికి కూడా మందు పెట్టింది మాయలాడి! తన ఇంట్లో తనొక్కతే పరాయిది.

"సర్, నిన్న కోసినం గద, తలలు మొలిచే దాంక వీటికి తిండి పెట్టొద్దు. మేక కార్జం ముక్క నీళ్లల్ల మిగిలిందంటే కుళ్లి అన్నీ చస్తయి," అంటోంది గిరిజ.

ఇన్ని రోజుల్లో ఆ పిల్ల చెప్పినదాంట్లో బాలమణి చెవికెక్కింది ఆ ఒక్క మాటే.

ఆదివారం ఇంట్లో మేక కూర వండారు. పొద్దుగూకే వేళ బాలమణి నిమ్మకాయంత పచ్చి కార్జం ముక్క ఆ గిన్నెలో వేసి మూత పెట్టింది.

తెల్లారి గిరిజ మూత తీసింది. గుప్పుమని వాసన. పురుగులు లేవు, గిన్నె అడుగున జిగురు ఉంది.

"అక్కా, కార్జం మీరేసిన్రా?"

"ఆ, నేనే ఏసిన. మా ఇంట్ల ఎవలనూ ఉపాసం పెట్టం. పరాయి మొగోళ్ల పక్కన కూసుండెటోళ్లకు కూడా చాయ్ పోస్తనే ఉన్న గద!"

గిరిజ గిన్నె మీద మూత పెట్టింది. ఒక్కసారి మాణిక్ వైపు చూసింది. సంచి భుజానికి తగిలించుకుంది.

"నాకు జవాబు దొరికింది సర్. పోయొస్త."

వాకిలి గల్మలో నిలబడి మాణిక్ ఆమె వెళ్లిన దిక్కే చూశాడు. తర్వాత దండెం మీది తువ్వాల తీసి చెయ్యి కప్పుకున్నాడు. కొట్టంలోకి పోయాడు.

"పీడ పోయింది," అంది బాలమణి. "ఇంటిదాన్ని నేనుండంగ, నాకొక ముక్క చెప్పకుంట తెచ్చి కూసుండబెడ్తరా? ఇంతకు నిజంగ ఎవలామె?"

సదాశివ గిన్నె కడుగుతున్నాడు. చాలాసేపు కడిగాడు.

"ముందుగాల్నే చెప్పి ఆశ పెడితే, మల్ల తప్పిపోతే అన్నం మానేసి ఏడుస్తవని చెప్పలే," అన్నాడు. "గానుగల చెయ్యి పోయిందని తెలిసి కూడా మన మాణిక్‌ను చేసుకుంటనన్న పిల్ల ఆమె, బాలమణీ... 'తల్లి లేనిదాన్ని సర్, వాళ్లక్క నన్నెట్ల చూస్తదో నాలుగొద్దులు చూసి ఖాయం చేస్త' అన్నది."