వంటింటి కన్ను

వారంలో మెకానిక్ పైడిరాజు వరహాలమ్మ ఇంటికి రావడం ఇది నాలుగోసారి. బొబ్బిలిలో ఇప్పుడు గోడ పైనుంచి కెమెరాతో కాపలా కాసే వంటింటి కంప్యూటరు ఒప్పుకోనిదే ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. ఈ ఇంట్లో మాత్రం పొయ్యి వెలిగించగానే అది "నిప్పు! నిప్పు!" అని అరిచి గ్యాసు కట్టేస్తోంది. కింద నిలబడే మూడుసార్లు సాఫ్ట్‌వేర్ మార్చాడు. అయినా దాని ఏడుపు దానిదే.

"దసరా నుంచీ అటుకులే గతి బాబూ. మా ముసిలాయన ముద్దన్నానికి మొగం వాచిపోయున్నాడు," అంది వరహాలమ్మ.

దసరా అనగానే పైడిరాజుకి ఏదో తట్టింది. స్టూలెక్కి చూశాడు. కెమెరా అద్దం నిండా కుంకుమ! పాపం, దానికి లోకమంతా ఎర్రగా మండుతోంది.

"ఆయుధపూజ అయితే మాత్రం, ఎవరైనా కంట్లో బొట్టెడతారా మామ్మా?" అని ఒళ్లు మండి అరుస్తూ తువ్వాలుతో తుడిచాడు. పొయ్యి వెలిగింది. కంప్యూటరు కిక్కురుమనలేదు.

అతను స్టూలు దిగేసరికి వరహాలమ్మ కుంకుమ భరిణెతో సిద్ధంగా నిలబడి ఉంది.

"అరవకు బాబూ. దీని నుదురెక్కడుందో సూపించి మరీ ఎల్లు."