చివరి పాట తర్వాత

హెప్సిబా పెళ్ళికి ముందు బందరు చర్చి గాయక బృందంలో పాడింది. ఆ పాత రికార్డును ఇప్పుడు శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేశారు. చనిపోయిన భార్య గొంతు కోసం జకరయ్య దాన్ని కొన్నాడు.

“గరగరంతా తీసేశారు, మావయ్యా,” అన్నాడు రికార్డుల కొట్టు నడిపే క్రాంతి.

“గరగరతోపాటు మనుషుల్నీ తీసేసి ఉంటారు.”

చీకటి పడ్డాక, ఎవరూ లేని ఇంట్లో రికార్డు మీద ముల్లు దించాడు. పాటలు చప్పగా ఉన్నాయి. అంతమందిలో ఆమె గొంతు దొరకలేదు. చివరి పాట అయిపోయాక మాత్రం స్పష్టంగా వినిపించింది.

“ఏవండీ, సౌండు తగ్గించండి. నిద్ర పట్టట్లేదు.”

కాపురం చేసినన్నాళ్ళూ విన్న మాటే. అలవాటు కొద్దీ చెయ్యి వెళ్ళి తగ్గించింది. అప్పుడు గుర్తొచ్చింది. ఈ పాటలు పాడేనాటికి ఆమె తనను చూడనైనా లేదు.

ముల్లు ఎత్తేశాడు. రికార్డు తిరగడం ఆగిపోయింది.

“ఇంకొంచెం తగ్గించండి,” అంది హెప్సిబా.