చేయి చాచేంత దూరం

నాన్న చనిపోయిన నెలకు ఆయన కెమెరా సంచి తెచ్చి కెమెరా మెకానిక్ బల్ల మీద పెట్టిందామె. "ముందు ఆ పొడుగు లెన్సు ఎవరికైనా ఇచ్చేయండి బాబాయ్."

"దాని మీద అంత కోపమేంటమ్మా?"

ఆమె ఫోటో చూపించింది. "అమ్మ పోయిన రోజు నేనేడుస్తుంటే, దగ్గరికి రాకుండా దూరం నుంచి దాంతో తీశాడు. అప్పట్నుంచి ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు."

మెకానిక్ కళ్లజోడు సవరించుకున్నాడు. "దాంతో కాదమ్మా. అదైతే వెనక గోడ నీ మొహానికి అతుక్కున్నట్టుండేది. ఇందులో ముక్కు పెద్దదై, గది గదంతా పడింది. ఇదిగో, ఈ పొట్టి వైడు లెన్సుతో తీశాడు. దీంతో మొహం ఇంత పెద్దగా రావాలంటే చేయి చాస్తే తగిలేంత దగ్గర కూర్చోవాలి."

"అంత దగ్గరుంటే నాకు కనబడలేదే?"

"ఆ రోజు నీకేం కనబడుంటుంది తల్లీ!"

ఏడుపు రాలేదు. కూర్చున్నచోటే ఆమె చేయి ముందుకు చాచి చూసింది.

నిజమే. ఆ రోజు నాన్న అందేవాడు.