వెనక గది సాకెట్

భూపాలపల్లి గని క్వార్టర్లలో చీకటి పడింది. సుమిత్ర కూతురు పల్లవి ఆన్‌లైన్ పరీక్ష మొదలయ్యే వేళకు వెనక గదిలో నెట్ మళ్లీ పోయింది. కరెంటు తీగల్లోంచి నెట్ పంపే అడాప్టర్లు కొనడం ఇది రెండోసారి. సుమిత్ర దుకాణానికి ఫోన్ చేసి అరిచింది.

"గీ పనికిరాని మాల్ మాకు అంటగడ్తవా?"

"ఎక్స్‌టెన్షన్ బాక్సుల పెడితే ఏ కంపెనీదైనా గంతే అక్కా. గోడ సాకెట్లనే పెట్టుండ్రి," అన్నాడు దుకాణదారు స్పీకర్ ఫోన్‌లో.

పల్లవి వెంటనే అడాప్టర్ తీసి గోడకు పెట్టింది. మూడు పచ్చ లైట్లు వెలిగాయి.

"వచ్చిందమ్మా! ఇగ లొల్లి చెయ్యకు."

పల్లవి పరీక్ష రాయడం మొదలుపెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది సుమిత్రకు. ఆ సాకెట్‌కు లైనే లేదు. ఆమె భర్త మహీధర్ గనిలో ఎలక్ట్రీషియన్. కాలనీ అంతటికీ లైన్లు గుంజినవాడు సొంతింట్లో ఉత్త సాకెట్ బిగించి, "రేపు జేస్త తియ్యి" అన్నాడు. అలా అంటూనే నిరుడు గనిలో పోయాడు.

ఆమె సాకెట్ పట్టుకొని లాగింది. వదులు స్క్రూలు ఊడి, అడాప్టర్‌తో సహా చేతిలోకి వచ్చింది. వెనక ఒక్క తీగ లేదు. లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

సుమిత్ర పళ్లు కొరికింది.

"బతికున్నన్ని దినాలు తీరలే. గిప్పుడు తీరిందా నీకు?"

"ఎవలితోనమ్మా?" తెర మీంచి కళ్లు తిప్పకుండా అడిగింది పల్లవి.

లైట్లు ఒక్కసారి ఆరి వెలిగాయి. పరీక్ష అయిపోవడానికి ఇంకా గంట ఉంది. విసిరికొట్టబోయిన చెయ్యిని ఆపుకొని, సుమిత్ర ఆ సాకెట్‌ను అలాగే పట్టుకొని గోడ పక్కన నిలబడింది.