సన్యాసిరావు రక్తం

ఇన్సూరెన్సువాళ్లని మోసం చేయాలని పైడిరాజు నిశ్చయించుకున్నది బుధవారీ బజార్లో, వంకాయలు ఏరుతుండగా.

"ఒరే సన్యాసీ, నీ రక్తం కావాల్రా నాకు," అన్నాడు పక్కనున్న స్నేహితుడి చెవిలో.

సన్యాసిరావు చేతిలోని వంకాయ జారి గంపలో పడింది.

పైడిరాజు బిలాస్‌పూర్ రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. తాతలది విజయనగరం వైపు. తను మాత్రం ఇక్కడి రైల్వే క్వార్టర్లోనే పుట్టాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊళ్లవాళ్ల సామాన్లని సముద్రం ఒడ్డుకి పంపించాడే గాని, తను సముద్రాన్ని చూసింది బంధువుల పెళ్లిళ్లకి వెళ్లినప్పుడే. అందుకే మిగిలిన జీవితం థాయ్‌లాండ్‌లో, అలల చప్పుడు వినబడే ఇంట్లో గడపాలని కోరిక. పెన్షనుదారులకి అక్కడ ఎక్కువకాలం ఉండే వీసా ఇస్తారట. కాకపోతే హెల్త్ ఇన్సూరెన్సు ఉండి తీరాలి.

ఆ సంగతి కనుక్కోడానికి వ్యాపార్ విహార్‌లోని ఏజెంటు ఆఫీసుకి భార్య బుజ్జమ్మ వెళ్లింది.

"రక్తం పరీక్ష ఉంటాదంటండి. షుగరున్నోళ్లకి ఇవ్వరంట," అని వచ్చి చెప్పి, ఏమీ ఎరగనట్టు బెండకాయలు తరుక్కుంటూ కూచుంది.

పైడిరాజుకి షుగరు దండిగా ఉంది. జిలేబీ మానెయ్యమని డాక్టరు చెబితే ఆయన డాక్టర్నే మానేశాడు.

సన్యాసిరావు సంగతి వేరు. రైలు పట్టాల వెంట నడిచి నడిచి రిటైరైన మనిషి. ఎండబెట్టిన చేపలా ఉంటాడు. ఒంట్లో ఏ రోగమూ లేదు.

"నా పేరు సెప్పి సెయ్యి సాపు. సూదేసి రక్తం తీసుకుంటారు. అంతే," అన్నాడు పైడిరాజు.

"తప్పు కాదేటి బావా? దొరికిపోతే జైలే!"

"ఎవుడు సూడొచ్చాడ్రా?"

"మరి సెల్లెమ్మకి తెలిస్తే?"

"బుజ్జికి తెలిసిందా, థాయ్‌లాండ్ సంగతటుంచు, నాకు మా ఇంట్లోకే వీసా దొరకదు."

సన్యాసిరావు కాసేపు గెడ్డం గోక్కుని, "అచ్ఛా, సరే," అన్నాడు.

నాలుగు రోజులు పోయాక మోచేతి మడతలో దూది అంటించుకుని వచ్చాడు. మొహం మాత్రం వేలాడేసుకున్నాడు.

"పని అయిపోనాది గానీ బావా, బరువు కూడా సూసేరు. అరవై ఎనిమిదని రాసుకున్నారు. నువ్వెంత?"

పైడిరాజు తన పొట్ట వైపు చూసుకున్నాడు. "ఎనభై ఆరు... అదీ తినకముందు."

"పాలసీ ఇచ్చేముందు మనిషిని పిలిచి సూత్తారంట. నాలాగ అయ్యేదాకా నువ్వా ఆఫీసు సాయలకి పోకు. కాయితాలు నాను అట్టుకెల్తాను."

"నీలాగా? నానా?"

"మోసం సెయ్యాలంటే కష్టపడాల బావా మరి!"

ఆ మర్నాటి నుంచే పైడిరాజు కష్టాలు మొదలయ్యాయి. తెల్లారకుండా సన్యాసిరావు వచ్చి తలుపు కొట్టేవాడు. అరపా నది వంతెన దాకా నడక, మళ్లీ అక్కణ్నుంచి వెనక్కి. దార్లో జిలేబీ కొట్టు ఎదురైతే సన్యాసిరావు "జైలు బావా, జైలు!" అని గొణిగేవాడు. పైడిరాజు ముక్కు మూసుకుని దాటేసేవాడు.

ఇంట్లో ఇంకో ఇబ్బంది. అన్నం వద్దనడానికి కారణం ఏదో ఒకటి చెప్పాలి కదా. సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నానని అబద్ధమాడాడు. బుజ్జమ్మ చెంపలేసుకుని, "దేవుడి పనికి అడ్డు రాకూడదు," అంటూ ఆ పూట నుంచీ చోడి అంబలి పోయడం మొదలుపెట్టింది. పిచ్చిది, ఎంత తేలిగ్గా నమ్మేసిందో అని పైడిరాజుకి జాలేసింది కూడా.

వానాకాలం వెళ్లి చలి ముదిరేసరికి పొట్ట కరిగింది. ప్యాంట్లు జారిపోతుంటే తాడు కట్టుకున్నాడు. సన్యాసిరావు చొక్కా తొడిగితే అతికినట్టు సరిపోయింది. సరిగ్గా అప్పుడే ఆఫీసునుంచి ఫోనొచ్చింది. పాలసీ ఇచ్చేముందు ఒకసారి వచ్చి కనబడమని.

పైడిరాజు ఆ చొక్కాతోనే వ్యాపార్ విహార్ వెళ్లాడు. లారీల మధ్యనుంచి దాటుతూ చొక్కా గుండీలు మరోసారి సరిచూసుకున్నాడు. ఆఫీసులో ప్రత్యూష అనే తెలుగమ్మాయి కూచుని ఉంది. పాస్‌పోర్టు తెరిచి ఫోటో చూసింది. ఆయన్ని చూసింది. మళ్లీ ఫోటో చూసింది.

"అంకుల్, సచ్ బోలియే, నిజం చెప్పండి. ఈ ఫోటోలో బుగ్గలున్న ఆయన మీరు కాదు కదా?"

పైడిరాజుకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్ని నెలలూ సన్యాసిరావులా మారడానికి పాటుపడ్డాడు గాని, పైడిరాజులా కనబడాల్సి వస్తుందని తోచనేలేదు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"ఫోటో నాదేనమ్మా! రక్తమే నాది కాదు!" అని కుర్చీలో కూలబడ్డాడు. "నా స్నేహితుడు సన్యాసిరావుని పంపించి ఇప్పించేను. ఆడి తప్పేటీ లేదు. జైల్లో ఏస్తే నన్నెయ్యండి. మా ఆవిడికి మాత్రం సెప్పకండి, అది అమాయకురాలు."

ప్రత్యూష పెన్ను కింద పెట్టి ఆయన వంక వింతగా చూసింది.

"రక్తమేంటంకుల్? ఈ పాలసీకి టెస్టులేం లేవు. మీకు షుగరుందని తొలిరోజే చెప్పి, షుగరున్నవాళ్లకిచ్చే పాలసీయే కావాలని ఆంటీ అడిగి దరఖాస్తు పెట్టారు కదా, ఆ సన్యాసిరావు అంకుల్నే వెంటబెట్టుకొచ్చి!"