మిక్సీ తిరిగినప్పటి మాటలు

సోమవారం పొద్దున పదింటికి రికార్డుల శాఖ గోదావరిఖనిలోని ప్రవళిక ఇంటికి ఆమె అన్న సంపత్ ఫైలు పంపింది. ఫైలంటే కాగితాలు కావు, గొంతులు. నియంత పాలనలో సంపత్‌ను ఇంటి నుంచే పట్టుకుపోయారు. తిరిగి రాలేదు. పట్టించింది వదినేనని ప్రవళిక అనుమానం. అందుకే వదిన సుమలతను పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి ఫైలు పెట్టింది.

సంపత్ సమ్మె గురించి మాట్లాడుతున్నాడు. వెనక ఏదో గరగర.

"ఏం చప్పుడొదినా అది?"

"మిక్సీ. గప్పుడు సర్కారు ఇంటింటికి పంచిపెట్టె గదా. గోడలకు చెవులున్నయని, గుట్టు మాట్లాడాల్నంటె అందరం ఉత్తగనే తిప్పుతుంటిమి. మీ అన్నయితె పచ్చడి లేకున్నా రోజూ తిప్పుడే!" సుమలత నవ్వబోయి ఆగింది.

ఇద్దరూ ఫైలు దాదాపు చివరిదాకా విన్నారు. మిక్సీ ఆగి ఉన్నప్పటి మాట ఒక్కటీ లేదు. మైకు మిక్సీలోనే ఉంది. అది తిరిగినప్పుడే పనిచేసింది.

"అయితె ఎవ్వలు పట్టియ్యలే," అంది ప్రవళిక మెల్లగా.

"ఎవ్వలన్న పట్టిచ్చిన్రనుకున్నవా?"

కొత్త చట్టం ప్రకారం ఫైలులో ఏదీ దాచకూడదు. శాఖ ఏదీ దాచలేదు. చివరి ముక్క మొదలైంది. అదే గరగర వెనక ఈసారి ఇదే ఇంట్లో ప్రవళిక గొంతు, భర్తతో:

"అన్నను వదినెనే పట్టిచ్చింది. ఫైలు రానీ, ఎదురుంగ కూసోబెట్టి ఇనిపిస్త."

సుమలత లేచి చెప్పులు వేసుకుంది.

ఆ ముక్క మీద తేదీ మొన్న గురువారానిది. నియంత పాలన పోయి తొమ్మిదేళ్ళయింది.